ఇరవై మూడు మిల్లీమీటర్ల కుట్టుపని

నాకు ముక్కుమీద కోపం. మా వీధిలో ఎవర్నడిగినా ఈ మాటే చెబుతారు. కుట్టు మిషన్లు బాగుచేసేవాణ్ణి, నలభై ఏళ్ళుగా అదే పని. మిషను పాడుచేసుకుని వచ్చినవాళ్ళ మీద నాకు కోపం రాదు. సూది విరగ్గొట్టుకున్నా, నూనె వెయ్యక తుప్పు పట్టించినా, పిల్లలు చక్రంలో పెన్సిల్ దూర్చినా పల్లెత్తు మాట అనను. నాకు ఒళ్ళు మండేది ఇంకోరకం మనుషులను చూస్తే. బాగుచేసి ఇచ్చినప్పుడు "అబ్బ, బ్రహ్మాండంగా ఉందండీ" అని తీసుకెళ్ళి, ఇంటికెళ్ళాక అది మళ్ళీ మొరాయిస్తే నోరు మూసుకుని కూర్చుంటారే, వాళ్ళు.

మా వీధి చివర స్కూలు యూనిఫారాలు కుట్టే ఆవిడ ఒకరున్నారు. ఆవిడ మిషనుకి, కింది దారాన్ని అందించే షటిల్ కొత్తది వేసి ఇచ్చాను. ఎప్పుడు కనబడినా "మీ చెయ్యి పడ్డాక దానికి తిరుగులేదండీ" అనేది. ఆర్నెల్ల తర్వాత తెలిసింది, అది పది కుట్లకోసారి ఒక కుట్టు వదిలేస్తోందని, ఆవిడ రోజూ విప్పి మళ్ళీ కుట్టుకుంటోందని. ఎందుకు చెప్పలేదమ్మా అంటే "మీరు అంత కష్టపడి చేశారు, చిన్నబుచ్చుకుంటారేమోనని" అంది. నడివీధిలో నిప్పులు చెరిగాను. అదే రకం షటిల్ ఇంకో పదకొండు మిషన్లకి వేశాను మరి, వాటి మాటేమిటి? మా ఆవిడ గుమ్మంలోకి వచ్చి, నా చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళింది.

"పాపం, మంచి మనసుతో ఊరుకుంది. దానికి ఇంత రాద్ధాంతమా?" అంది.

ఆ మాట నేను అప్పుడే చెవిన పెట్టవలసింది.

మా ఆవిడ టైలరు. వీధంతా టైలరమ్మ అనే పిలుస్తారు. మా ఇంటి ముందుగది నా దుకాణం, వెనకగది ఆవిడ కుట్టుగది. మధ్యలో ఒక ప్లైవుడ్ అడ్డం. పొద్దుట్నించి సాయంత్రం దాకా నేను ఆవిణ్ణి చూడను, వింటాను. కాలితో తొక్కే పాత మిషను ఆవిడది. మోటారు బిగిస్తానంటే ఏనాడూ ఒప్పుకోలేదు, కాలు ఆడితేనే గుడ్డ మాట వింటుందట. ఒక హోటలు వాళ్ళకి దుప్పట్ల అంచులు మడిచి కుట్టి ఇస్తుంది. దుప్పటి పొడుగంతా ఒక్క ఊపున తొక్కేది. టకటకమని ఆ చప్పుడు ఈ కొస నుంచి ఆ కొస దాకా వెళ్ళేదాకా నేను స్క్రూ కూడా బిగించకుండా వినేవాణ్ణి. అలవాటు అలాంటిది.

డెబ్బై మూడో ఏట ఆ చప్పుడు మధ్యలో ఆగడం మొదలైంది. ముందు ఒకసారి, తర్వాత రెండుసార్లు. వయసు మీదపడింది కదా అనుకున్నాం ఇద్దరం. ఒకరోజు ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే కూలిపోయింది. అదృష్టం బాగుండి ఇస్త్రీ పెట్టె మీద పడలేదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ బొమ్మ గీసి చూపించింది. కూతురి వయసుంటుందేమో, కళ్ళజోడు ముక్కు చివరికి జారిపోతూ ఉంటుంది. గుండెలోంచి నెత్తురు బయటికి వెళ్ళే చోట ఉన్న వాల్వు బిరుసెక్కిపోయిందని, తెరుచుకోవలసినంత తెరుచుకోవడం లేదని చెప్పింది. ఈ వయసులో రొమ్ము కోసి చేసే ఆపరేషన్ తట్టుకోవడం కష్టం, తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పంపి, మడిచిన కొత్త వాల్వును లోపలే విప్పి అమరుస్తామంది. పక్షవాతం రావచ్చు, పేస్‌మేకర్ పెట్టవలసి రావచ్చు, కాలి దగ్గర నెత్తురు కారొచ్చు, ఎక్కువమందికి ఏమీ కాదు కానీ చెప్పకుండా చెయ్యనంది. నేను ఒక్కోటీ వేళ్ళమీద లెక్కపెట్టుకుంటున్నాను. మా ఆవిడ మాత్రం ఇవేమీ వింటున్నట్టు లేదు.

డాక్టరమ్మ సొరుగులోంచి నమూనా వాల్వు ఒకటి తీసి ఆవిడ అరచేతిలో పెట్టింది. సన్నటి తీగల అల్లిక లోపల, పశువు గుండెపొరతో చేసిన మూడు రెక్కలు. మా ఆవిడ సూదిలో దారం ఎక్కించే కళ్ళజోడు తీసి పెట్టుకుని, దాన్ని కిటికీ వైపు ఎత్తి చుట్టూ తిప్పి చూసింది.

"ఇది ఎవరు కుట్టారమ్మా?" అంది.

డాక్టరమ్మ నవ్వింది. "ఇంతవరకు నన్ను ఎవరూ అడగలేదమ్మా ఆ మాట. ఫ్యాక్టరీలో చేత్తోనే కుడతారు. భూతద్దం కింద పెట్టుకుని, ఒక్కో కుట్టు. ఎక్కువమంది ఆడవాళ్ళే."

"చూశారా?" అని నా వైపు తిరిగింది. "ఒక్క కుట్టు వంకర లేదు. ముడి ఎక్కడ దాచిందో చూడండి, కనబడి చస్తేగా! ఏ మహాతల్లో." మళ్ళీ డాక్టరమ్మని అడిగింది. "మరి కొలతలో?"

"స్కానులో తీశాం. మీకు ఇరవై మూడు మిల్లీమీటర్లు."

"అంటే కోటు గుండీ అంత." మా ఆవిడ కళ్ళజోడు మడిచి సంచీలో పెట్టుకుంది. "కొలత తీసి, చేత్తో కుట్టిందైతే నాకేం భయం లేదు. ఎప్పుడు రమ్మంటారు?"

నేను రాసుకెళ్ళిన ప్రశ్నల కాగితం జేబులోనే ఉండిపోయింది.

గంటన్నర పట్టింది మొత్తం పని. ఆ గంటన్నరలో నేను బయట వరండాలో ఉన్న కుర్చీలన్నిటికీ వదులైన మరలు చేత్తోనే బిగించాను. మర్నాటికి లేచి నడిచింది. నాలుగో రోజు ఇంటికొచ్చాం. మూడు వారాలు గడిచాక ఒక పొద్దున అడ్డం అవతల మిషను కదిలింది. దుప్పటి అంచు ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక్క ఊపున వెళ్ళింది. నా ముందు ఎవరిదో మిషను విప్పి ఉంది, చేతిలో స్క్రూడ్రైవరు ఉంది. సిగ్గు లేకుండా ఏడ్చాను. ఎదురుగా గుండీల కోసం వచ్చినావిడ కంగారుపడి, రేపొస్తాలెండి అని వెళ్ళిపోయింది.

నెల నిండిన రోజున ఆసుపత్రి నుంచి ఒక నర్సమ్మాయి ఫోన్ చేసింది. ఈ వాల్వు వేయించుకున్నవాళ్ళందరికీ నెలకి, ఆర్నెల్లకి, ఏడాదికి ఫోన్ చేసి, ఎలా ఉన్నారో అడిగి రాసుకోవడం ఆ అమ్మాయి పని. మేము ఆ పిల్లకి ఫోనమ్మాయి అని పేరు పెట్టుకున్నాం. మెట్లెక్కితే ఆయాసం వస్తోందా, కాళ్ళు వాస్తున్నాయా, వెల్లకిలా పడుకోగలుగుతున్నారా, మాత్రలు వేసుకుంటున్నారా, అన్నీ వరుసగా అడిగింది. మా ఆవిడ స్పీకరు పెట్టి, కాజాలు కుట్టుకుంటూనే జవాబులు చెప్పింది. ఆఖరి ప్రశ్న ఒకటుంది.

"ఇప్పుడున్నట్టే ఉండి, మిగతా జీవితమంతా ఇలాగే గడపమంటే మీకెలా ఉంటుందమ్మా? అసలు తృప్తి లేదు, కొంచెం ఉంది, పూర్తిగా ఉంది, వీటిలో ఏది రాయమంటారు?"

"చాలు తల్లీ. ఈ మాత్రం చాలు. పూర్తి తృప్తి అని రాసుకో" అంది మా ఆవిడ.

"రాసుకో అమ్మాయ్, రాసుకో" అని ఇటునుంచి నేనూ కేకేశాను.

అంతటితో ఆగితే మా ఆవిడ ఎలా అవుతుంది? డాక్టరమ్మకి ఏదో ఒకటి కుట్టి ఇవ్వకపోతే నిద్ర పట్టదంది. తెల్లకోట్లు కుడతానంది. డాక్టరమ్మకి రెండు, ఫోనమ్మాయికి ఒకటి, గొట్టం పంపిన రోజున తన చెయ్యి పట్టుకున్న నర్సుకి ఒకటి. కొలతలు అడగలేదు, పరీక్షలకి ఆసుపత్రికి వెళ్ళినప్పుడు అందరివీ కంటితోనే తీసింది. మూడో నెల చివర పట్టుకెళ్ళి ఇచ్చాం. డాక్టరమ్మ అక్కడే తొడుక్కుని చూసుకుంటే భుజాల దగ్గర వెంట్రుకవాసి తేడా లేదు. మా ఆవిడ మొహం వెలిగిపోయింది. ఆ రోజు నాకూ కడుపు నిండినట్టయింది.

అయిదో నెలలో చప్పుడు మారింది.

దుప్పటి మధ్యలో ఒకసారి ఆగింది. నేను చెవులు రిక్కించాను. బెల్టు సాగినట్టుంది అనుకున్నాను. ఆ సాయంత్రమే వెళ్ళి కొత్త బెల్టు వేశాను. "ఆఁ, ఇప్పుడు బాగుందండీ" అంది. పది రోజులకి రెండుసార్లు ఆగింది. మిషను తల ఊడదీసి శుభ్రం చేసి, నూనె పట్టించి, బాబిన్ కేసు మార్చాను. "బ్రహ్మాండంగా ఉందండీ" అంది. నేను, బుద్ధిలేనివాణ్ణి, మురిసిపోయాను కూడా. ఇంకో వారానికి మూడుసార్లు ఆగింది. ఈసారి పెడలు కిందున్న బేరింగులు ఊడబీకి, కొత్తవి వేసి, ఒక పూటంతా నేలమీద పడుకుని పనిచేశాను. నడుం పట్టేసింది. మా ఆవిడ టీ తెచ్చి ఇచ్చి, "మీ చేతిలో ఏదో ఉందండీ" అంది.

ఆ మధ్యలోనే ఆర్నెల్ల ఫోన్ వచ్చింది. మెట్లెక్కుతున్నారా? "ఆగకుండా ఎక్కుతున్నా తల్లీ." మాత్రలు వేసుకుంటున్నారా? "వేసుకుంటున్నా తల్లీ." ఇలాగే ఉంటే? "చాలు తల్లీ, చాలు." నేను చేతిలో పాత బేరింగు పట్టుకుని వింటున్నాను. వింటూ తల ఊపాను.

మరుసటి వారం ఒక పొద్దున దుప్పటికి నాలుగుసార్లు ఆగింది. నాకు తల ప్రాణం తోకకొచ్చింది. ఇవాళ దీని అంతు చూస్తానని లేచి వెళ్ళి, "నువ్వు లే అక్కణ్ణించి" అని ఆవిడ ముక్కాలిపీట మీద నేను కూర్చున్నాను. పాత దుప్పటి ఒకటి సూది కింద పెట్టి తొక్కాను. మిషను వెన్నలా నడిచింది. ఈ కొస నుంచి ఆ కొస దాకా ఎక్కడా తట్టలేదు, పట్టలేదు. ఇంకోసారి తొక్కాను. అంతే.

"ఇప్పుడేమంటావ్?" అని వెనక్కి తిరిగాను.

పీట నుంచి ఇస్త్రీ బల్ల దాకా మూడడుగులు ఉంటుందేమో. ఆ మూడడుగులు వేసిన మా ఆవిడ, బల్ల అంచు పట్టుకుని, నోరు తెరిచి గాలి పీలుస్తోంది. పెదాలు సున్నంలా ఉన్నాయి.

మిషనుకేమీ కాలేదు. నెలన్నరగా నేను మంచి మిషనుకి వైద్యం చేస్తున్నాను.

"ఎన్నాళ్ళనుంచి?" అన్నాను.

"ఏమిటండీ ఎన్నాళ్ళనుంచి?"

"ఆయాసం!"

"అబ్బే, వయసు కదండీ."

"బెల్టు మార్చాను, బాబిన్ కేసు మార్చాను, నేలమీద పడి బేరింగులు పీకాను! ప్రతిసారీ బాగుంది, బాగుంది అన్నావు!"

"మీరు అంత కష్టపడుతుంటే ఏమనను..."

"ఆ మాట అనకు!" అని అరిచాను. గోడకి తగిలించిన కత్తెర్లు గలగలమన్నాయి. "ఆ ఒక్క మాట మాత్రం నా దగ్గర అనకు! మొన్న ఫోనమ్మాయితో ఆగకుండా మెట్లెక్కుతున్నానని చెప్పావే, దానికేం చెబుతావు?"

ఆవిడ ఊపిరి కూడదీసుకుని పీట మీద కూర్చుంది. చీరకొంగు వేలికి చుట్టుకుంది. తర్వాత అంది, "నాకు బాగోలేదని చెబితే ముందు ఎవరి మీదకి పోతుంది? చొక్కా పిగిలితే ఎవర్నంటారు? గుడ్డ నేసినవాణ్ణి అంటారా? వేసుకున్నవాడు లావెక్కాడంటారా? టైలర్నే అంటారు. పడ్డాన్లెండి ఆ మాటలు, నాకు తెలుసు. ఎక్కడుందో, ఎవరి కూతురో, భూతద్దంలో కళ్ళు పెట్టుకుని ఒక్కో కుట్టూ కుట్టింది ఆ పిల్ల. దాని చేతి పనే ఇన్నాళ్ళూ నన్ను నిలబెట్టింది. ఇప్పుడు నేను నోరు విప్పి దాని పని ఊడగొట్టనా?"

నాకు నవ్వాలో, నెత్తి బాదుకోవాలో తెలియలేదు. తన ఊపిరి ఆగిపోతోందని తెలిసి కూడా, ఎన్నడూ చూడని మనిషికి మాట రాకూడదని దాచుకుంది. నలభై ఆరేళ్ళు కాపురం చేశాను, ఈవిడ ఇంత మొండిదని నాకు తెలియదు.

"ఒసే పిచ్చిదానా," అన్నాను, గొంతు తగ్గించి. "నా షటిల్ సంగతి మర్చిపోయావా? యూనిఫారాలావిడ ఆర్నెల్లు దాచింది. దానివల్ల నాకు మేలు జరిగిందా? తప్పు కుట్టులో ఉంటే ఆ పిల్ల ఇంకో వందమందికి అలాగే కుడుతుంది. తప్పు కుట్టులో లేకపోతే ఆ సంగతీ తెలియదు. బాగుచేసినవాడికి నువ్వు చెప్పే నిజమే దక్కకపోతే ఇంక వాడికి ఏం దక్కినట్టు?"

మా ఆవిడ లేచి చెప్పులు వేసుకుంది. ఆ రోజు పదకొండింటికి ఎలాగూ ఆసుపత్రికి వెళ్ళాలి. ఇదే వాల్వు వేయించుకోవలసిన ఒకాయన భయపడుతున్నాడట, మీరొచ్చి రెండు ముక్కలు ధైర్యం చెప్పండమ్మా అని డాక్టరమ్మ పిలిచింది.

"ముందు ఆయనతో మాట్లాడాక డాక్టరమ్మకి నేనే చెబుతాను. ఆయన ముందు మీరు నోరెత్తకండి. ఒట్టు" అంది.

ఒట్టు వేశాను. వెయ్యకపోతే కదిలేట్టు లేదు.

ఆ గదిలో గుండ్రటి బల్ల ఒకటి, నాలుగు కుర్చీలు, విప్పి చూపించే ప్లాస్టిక్ గుండె ఒకటి ఉన్నాయి. ఆయన రిటైరైన బస్సు డ్రైవరు. భారీ మనిషి. రెండు చేతులూ మోకాళ్ళ మీద, స్టీరింగు పట్టుకున్నట్టే పెట్టుకుని కూర్చున్నాడు. తలుపు దగ్గర డాక్టరమ్మ, మా ఆవిడ కుట్టిన కోటులో. పక్కన ఫైలు పట్టుకుని ఫోనమ్మాయి, తనూ మా ఆవిడ కోటులోనే.

"ముప్పై ఏళ్ళు బస్సు నడిపాను చెల్లెమ్మా," అన్నాడాయన. "షెడ్డులోంచి బండి బయటికొస్తే, బ్రేకు బాగుందా అని మెకానిక్కుని అడగను. నిన్న ఆ బండి నడిపినవాణ్ణి అడుగుతాను. డాక్టర్లు చెప్పింది విన్నాను. ఇప్పుడు నువ్వు చెప్పు. ఎలా ఉంది?"

"బాగుం..." అని మా ఆవిడ ఆగింది.

దుప్పటి మధ్యలో మిషను ఆగినట్టే ఆగింది. నేను పైకప్పు కేసి చూస్తూ పళ్ళ మధ్య నాలుక కరిచిపట్టుకున్నాను.

డ్రైవరు నా వైపు తిరిగాడు. "పోనీ మీరు చెప్పండి బావగారూ. ఇంట్లో ఉండేవాళ్ళకి తెలుస్తుంది."

నేను ప్లాస్టిక్ గుండె కేసి చూపు తిప్పాను. మా ఆవిడ నన్ను చూసింది, ఆయన చేతులు చూసింది. ఆ చేతులు సన్నగా వణుకుతున్నాయి.

"నాలుగు నెలలు పాతికేళ్ళ పిల్లలా తిరిగాను అన్నయ్యా," అంది. "అబద్ధం కాదు. మళ్ళీ దుప్పటి ఒక్క ఊపున కుట్టాను. కానీ ఈ మధ్య ఆయాసం వస్తోంది. ఇవాళ నాలుగుసార్లు ఆగాను. ఎవరికీ చెప్పలేదు. ఈ అమ్మాయి ఫోన్ చేసి అడిగితే బాగుందని చెప్పాను. నీకు మాత్రం ఆ అబద్ధం ఎలా చెప్పను? నా మాట పట్టుకుని నువ్వు ఆపరేషన్ బల్లెక్కుతావు."

డాక్టరమ్మ వచ్చి ఆవిడ కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని మణికట్టు పట్టుకుంది. అప్పుడు మా ఆవిడ అన్న మొదటి మాట ఏమిటో తెలుసా?

"ఆ కుట్టిన పిల్లని ఏమీ అనకండమ్మా."

డాక్టరమ్మకి అర్థం కాలేదు. నా ఒట్టు అప్పటికి తీరిపోయిందనుకుని, మొత్తం కథ నేనే చెప్పాను. బెల్టుతో సహా.

వెంటనే గుండెకి స్కానింగు తీశారు, మధ్యాహ్నం ఇంకోటి తీశారు. డాక్టరమ్మ తెర మీద చూపించింది. మూడు రెక్కల్లో ఒకదాని మీద నెత్తురు గడ్డ కూర్చుంది. ఆ రెక్క బరువెక్కి లేవలేకపోతోంది.

"మీ గుండె అప్పుడప్పుడు లయ తప్పుతుంది కదమ్మా, అందుకని నెత్తురు పలచబడే మాత్ర ఇచ్చాం. రోజూ సాయంత్రం వేసుకుంటున్నారా?"

మా ఆవిడ తల దించుకుంది. "మీ కోటు కుట్టేటప్పుడు ఆపేశానమ్మా."

"ఆపేశారా?"

"సూది గుచ్చుకుంటే నెత్తురు ఆగట్లేదు. మీ కోటు కాలరు మీద చుక్క పడింది. తెల్ల గుడ్డ కదమ్మా. ఆ కాలరు విప్పేసి మళ్ళీ కొత్తది వేశాను. మీకిచ్చే దాని మీద మరకా? నాలుగు కోట్లూ అయ్యేదాకా ఆపుదాం అనుకున్నాను. అయ్యాక, ఏమీ కాలేదు కదా అని..."

ఆ మాత్రలన్నీ తర్వాత నాకు గుండీల డబ్బాలో దొరికాయి, తెల్ల గుండీల మధ్య. నెల నెలా వెళ్ళి కొనుక్కొచ్చింది నేనే.

డాక్టరమ్మ తన కాలరు చేత్తో తడుముకుంది. ఇప్పుడు పేలుతుంది అనుకున్నాను. నేనైతే పేలేవాణ్ణి. ఆ అమ్మాయి కళ్ళజోడు తీసి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుంది.

"పొరపాటు మాదీ ఉందమ్మా. రోజంతా సూదితో పనిచేసే మనిషికి ఈ మాత్ర ఇచ్చి, మీ వేళ్ళ సంగతి ఒక్కరం కూడా అడగలేదు. మీరు బాగుందంటే రాసేసుకున్నాం."

"కుట్టు ఊడలేదుగా?" అంది మా ఆవిడ.

"ఒక్క పోగు కూడా కదల్లేదు. మీరిచ్చిన కోటులాగే ఉంది."

మా ఆవిడ కళ్ళు మూసుకుంది. చెంపల మీదుగా నీళ్ళు కారిపోయాయి. తన ప్రాణం సంగతి ఇంకా అడగనేలేదు మహాతల్లి. అది నేనే అడగాల్సొచ్చింది.

"ఎక్కువమందికి మందుతోనే కరుగుతుందండీ," అంది డాక్టరమ్మ. "కరిగేలోగా ముక్క విడిపోయి తలలోకి వెళ్ళకూడదు, అదే భయం. కొన్ని రోజులు ఇక్కడే ఉంచుకుంటాను. మూడు నెలల తర్వాత మళ్ళీ చూద్దాం. ఇంతకంటే మాట ఇవ్వలేను. కానీ ఇవాళ చెప్పారు కాబట్టి చెయ్యగలుగుతున్నాను. ఇంకో నెల ఆగి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు."

ఆ మూడు నెలలు ఎలా గడిచాయో చెప్పలేను. మొదటి నెల మిషను తొక్కకూడదన్నారు. అడ్డం అవతల నిశ్శబ్దం. వీధిలో ఎన్ని బళ్ళు పోతున్నా నాకు ఆ నిశ్శబ్దమే వినబడేది. ప్రతి సాయంత్రం మాత్ర నేనే చేతిలో పెట్టి, మింగేదాకా ఎదురుగా నిలబడి, నోరు తెరువు అని చూసేవాణ్ణి. "పోలీసులు కూడా ఇంత తనిఖీ చెయ్యరు" అనేది. సూది దగ్గరికి వేలు పోకుండా మిషనుకి తీగతో ఒక అడ్డు చేసి బిగించాను. చేతి కుట్టుకి వేలికి తొడుక్కునే రేకు టోపీ తెచ్చి ఇచ్చాను. నలభై ఏళ్ళూ దాన్ని చూసి వెక్కిరించిన మనిషి, ఇప్పుడు చచ్చినట్టు తొడుక్కుంది.

మూడు నెలల తర్వాత అదే స్కానింగు గదిలో అదే తెర ముందు కూర్చున్నాం. డాక్టరమ్మ తెరని మా వైపు తిప్పింది. మూడు రెక్కలూ లేస్తున్నాయి, మూడూ వాలుతున్నాయి. మళ్ళీ లేస్తున్నాయి. నేను జన్మలో ఎవరికీ మెత్తగా నాలుగు మాటలు చెప్పి ఎరగను. ఆ రోజు లేచి నిలబడి, డాక్టరమ్మ రెండు చేతులూ పట్టుకుని ఊరుకున్నాను. నా చేతి నూనె ఆ తెల్లకోటు కఫ్‌కి అంటింది. మా ఆవిడ అది చూసి, "అయ్యో అయ్యో" అని నన్ను ఒక్కటేసింది.

బయట వరండాలో డ్రైవరు కనబడ్డాడు. ఆయనకి వాల్వు వేసి రెండు నెలలైందట. "మీ ఆవిడ మాట విని పారిపోతాననుకున్నారు కదా బావగారూ?" అన్నాడు. "అందరూ బాగుంటుంది, బాగుంటుంది అనే చెప్పారు. ఏం తేడా రావచ్చో, వస్తే ఇక్కడివాళ్ళు ఏం చేస్తారో నా కళ్ళతో చూపించింది చెల్లెమ్మ ఒక్కతే. అందుకే బల్లెక్కాను. నా మాత్ర నేను మానను చూసుకోండి." ఆయన చేతులు వణకడం లేదు.

డాక్టరమ్మ ఈ సంగతంతా రాసి వాల్వు తయారుచేసేవాళ్ళకి పంపింది. కుట్టు చెక్కుచెదరలేదని కూడా రాయమని మా ఆవిడ పట్టుబట్టి రాయించింది.

ఇంక మిగిలింది ఏడాది ఫోన్.

అది వచ్చిన పొద్దున నా బల్ల మీద యూనిఫారాలావిడ మిషను ఉంది. ముందురోజే తెచ్చి, "మళ్ళీ కుట్టు వదులుతోందండీ, మీరు సరిగ్గా చెయ్యలేదు" అని మొహం మీదే చెప్పింది. చాలా సంతోషం అమ్మా అన్నాను. ఆవిడ హడలిపోయి రెండడుగులు వెనక్కి వేసింది.

అడ్డం అవతల స్పీకరులో ఫోనమ్మాయి గొంతు వినబడింది. ఈసారి ప్రశ్నల్లో కొత్తది ఒకటి చేరింది. మీరు చేసే పని ఏమిటి, మాత్ర వల్ల ఆ పనికి ఏమైనా ఇబ్బంది ఉందా అని. అది మా ఆవిడ వల్లే చేరిందట. మా ఆవిడ ఇరవై నిమిషాలు మాట్లాడింది. ఒక అంతస్తు ఆగకుండా ఎక్కుతోంది, రెండోదానికి ఒకసారి ఆగుతోంది, అది ఊపిరి కాదు మోకాలు. ముంజేతి మీద నల్లటి మచ్చలు వస్తున్నాయి. వేలి టోపీ వదులైంది. నెత్తురు పరీక్షకి సూది గుచ్చే పిల్లకి చెయ్యి తిరగలేదు. మా ఆయన గురకకి నిద్ర లేదు, అదీ రాసుకుంటావా?

"అన్నీ రాసుకుంటున్నానమ్మా" అంది ఫోనమ్మాయి. "ఇంక ఆఖరిది. ఇప్పుడున్నట్టే ఉండి, మిగతా జీవితమంతా ఇలాగే గడపమంటే..."

మా ఆవిడ వెంటనే జవాబు చెప్పలేదు.

నేను చేతిలో ఉన్న నూనెడబ్బా బల్ల మీద పెట్టేశాను. ఇంకా ఏం దాచింది? ఎక్కడ నొప్పి? లేచి అడ్డం పక్కనుంచి తొంగిచూశాను. కాజా కుడుతున్న చొక్కా ఒళ్ళో పెట్టుకుని, కిటికీ కేసి చూస్తోంది.

"చాలదమ్మా," అంది.

"ఏమిటమ్మా? బాగోలేదా?"

"బాగానే ఉంది. కానీ చాలదు. అప్పుడు చాలు అని ఎలా అన్నానో నాకే తెలియదు. నెల్లాళ్ళు మిషను ముట్టకుండా కూర్చుంటే తెలిసింది. హోటలు వాళ్ళు ఇంకో అంతస్తు కడుతున్నారు, దుప్పట్లన్నీ నాకే ఇస్తామన్నారు. ఈయనకి ఒంటి మీద సరైన చొక్కా ఒక్కటి లేదు, ఊరందరికీ కుట్టాను. ఆ పిల్ల అంత శ్రద్ధగా కుట్టింది, మీరంతా అంత తిప్పలు పడ్డారు, నేను ఇంకా చాలా ఏళ్ళు వాడాలి దీన్ని. ఇంకా కావాలి. అలా రాసుకో."

ఫోనమ్మాయి కాగితాలు తిరగేసిన చప్పుడైంది. "అలాంటి గడి లేదమ్మా ఇందులో."

"అయితే పక్కన రాసుకో తల్లీ."

ఫోన్ పెట్టేసి తల తిప్పితే నేను కనబడ్డాను. "ఏమిటలా చూస్తున్నారు? పనిలేదా?" అంది.

"ఉంది" అని వచ్చి నా బల్ల ముందు కూర్చున్నాను. స్క్రూ కనబడలేదు, కళ్ళ నిండా నీళ్ళు. అవతల దుప్పటి పరిచిన చప్పుడు, పీట జరిపిన చప్పుడు, తర్వాత మిషను. ఈ కొస నుంచి ఆ కొస దాకా విన్నాను.

ఆగలేదు.